ఒడిబియ్యంలో వచ్చిన స్టీరియో

ఎర్రగట్టు (కల్వకుర్తి దగ్గర)
7 జనవరి 2019

అక్క అండాలుకు,

తమ్ముడు ఎల్లేశం దండం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను, నీ మరదలు నవనీత, రెండు బర్లు బాగున్నాం. నువ్వూ, మీ అత్తమ్మ నర్సింగమ్మా బాగున్నారనుకుంటాను. బావ సంగతి నేను అడగను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. పోయిన నెల మేము పుట్టింటి సారెతో వచ్చి నీకు ఒడిబియ్యం పోసిన నాడు అంతమంది చుట్టాల ముందు బావ ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. "చీరె పెట్టే తాహతు లేక నా బామ్మర్ది కారుకు రేడియో పెట్టిండు" అన్నాడు. నోట్లో మటన్ ముక్క ఉండగానే నేను విస్తరి ముందు నుంచి లేచాను. ఆయన పిలిచేదాకా మీ గడప తొక్కనని, మీ ఇంట్లో మోగే ఏ ఫోనుకూ ఫోను చేయనని బస్టాండులో ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరాల మీద ఒట్టు లేదు. పైగా ఈ ఊరి పోస్టుమాస్టరును నేను. ఏడాదికి పది ఉత్తరాలు పడని డబ్బాకు నేను కాకపోతే ఇంకెవరు రాస్తారు?

చీరలు నీకు బీరువా నిండా ఉన్నాయి. బావ పాత అంబాసిడర్‌లో ఆ క్యాసెట్ల డబ్బా మాత్రం ఇరవై ఏండ్లుగా మూగది. అది మోగదని తెలిసి కూడా నువ్వు ముందు సీట్లో కూర్చుని దాని మీటలు తిప్పుతుంటావు. అది చూసే నేను తొమ్మిదేండ్ల తర్వాత పెట్టిన ఒడిబియ్యంలో కొత్త స్టీరియో పెట్టాలనుకున్నాను. మా కల్వకుర్తి మెకానిక్ మహేష్‌ను వెంటబెట్టుకొచ్చింది అందుకే.

ఇది తీగ లేకుండా ఫోనుతో కలిసే రకం. "ఎవరి ఫోనుకు కలపాలె?" అని మహేష్ అడిగాడు. పుట్టింటి సొమ్ము ఆడబిడ్డది గానీ అల్లుడిది కాదు కదా. నీ ఫోనుకే కలిపించి, ఇంకొకరి ఫోను తగలకుండా తాళం నంబరు వేయించాను. నీ చేతులు పిండిలో ఉన్నా పేడలో ఉన్నా, నీకు ఫోను వస్తే డబ్బా దానంతటదే ఎత్తుకుంటుంది. పసుపు కుంకుమ పెట్టి, ఒడిలో బియ్యంతో పాటు ఇచ్చిన వస్తువు అది. దాన్ని ఊడబీకితే పుట్టింటికి అరిష్టం. మా రెండు బర్లూ చూడితో ఉన్నాయి, మరిచిపోకు.

మీ ఊరి సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్ళకు వచ్చిందని పేపర్లో చూశాను. ఎవరు నిలబడుతున్నారు?

నీ పోస్టుమాస్టర్ తమ్ముడు
ఎల్లేశం

నెమలికుంట (చిట్యాల మండలం)
17 జనవరి 2019

తమ్ముడు ఎల్లేశంకు,

నేనే నిలబడుతున్నాను. నాకూ ఈ మధ్యనే తెలిసింది.

మీ బావ లింగయ్య పొద్దున ఊళ్ళోకి పోయి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, "మనం సర్పంచ్‌కు నిలబడుతున్నం" అన్నాడు. మనం అంటే ఎవరయ్యా అని అడిగితే "పేరు నీది, పని నాది" అన్నాడు. నిన్న నామినేషన్ వేసి వచ్చాం. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను. పోస్టర్లు కూడా వచ్చాయి. వాటి మీద ఆయన ముఖం చాటంత ఉంది, నాది నీ పోస్టాఫీసు బిళ్ళంత ఉంది. అభ్యర్థి నంబరు అని నా ఫోను నంబరే వేయించాడు కాబట్టి ఫోను ఆయన జేబులోకి పోయింది. ఆయన కార్లో ప్రచారం తిరుగుతుంటే, నేను వెంట తిరిగే వాళ్ళందరికీ వండుతూ పొయ్యి దగ్గర ఉన్నాను.

నీ డబ్బా సంగతి విను. కారు మీద రెండు మైకు గొట్టాలు కట్టించి దానికే తగిలించాడు. తన ఉపన్యాసం పెన్‌డ్రైవులో పెట్టుకుని "నేను మీ లింగయ్యను" అని ఊరంతా మోగిస్తున్నాడు. మొన్న చావడి దగ్గర అది మోగుతుండగా మీ నవనీత నాతో మాట్లాడాలని నా నంబరుకు ఫోను చేసింది. ఉపన్యాసం ఆగిపోయి గొట్టాల్లో నుంచి నవనీత అందుకుంది. "వదినా, మీ తమ్మునికి మూడు దినాల సంది దొడ్డికి వస్తలేదు. కడుపు డోలు లెక్క అయింది. ఏమన్న కషాయం చెప్పు జర." మీ బావ ఆపబోయి ఏది నొక్కాడో ఏమో, ఫోను కట్టయింది. ఆమె మళ్ళీ చేసి మొదటి నుంచి చెప్పింది.

అప్పటి నుంచి ఓటు అడగడానికి ఏ ఇంటికి పోయినా ముందు "అండాలక్క తమ్మునికి అయిందా?" అని అడుగుతున్నారట. ముగ్గురు ఆముదం తెచ్చిచ్చారు. మా మీద పోటీకి నిలబడ్డ మైసమ్మ, అదే ఎరువుల దుకాణం ఆయన భార్య, ఆమె కూడా వాము పొట్లం కట్టి పంపింది.

నా నంబరుకు ఫోను చేయొద్దని నవనీతకు చెప్పు. ఆ సౌండు సంగతి నువ్వు ఏదో ఒకటి చూడు. ఊడబీకిద్దామంటే మీ బర్లు గుర్తొస్తున్నాయి.

అక్క
అండాలు

ఎర్రగట్టు
19 జనవరి 2019

అక్కకు,

నీ ఉత్తరం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ముఖం కూడా చూడని ఊళ్ళో నా కడుపు గురించి ఇంతమంది ఫికర్ పడుతున్నారంటే అది మామూలు ఊరు కాదు. నిన్న పొద్దున అయింది. అందరికీ పేరు పేరునా చెప్పు. మైసమ్మ గారికి ప్రత్యేకంగా చెప్పు, ఆమె వాము పంపాక ఒక్క రోజు కూడా ఆగలేదని.

మహేష్ అయ్యప్ప మాల వేసుకుని శబరిమల పోయాడు. తాళం నంబరు అతనికొక్కడికే తెలుసు. దారిలో ఉన్న గుళ్ళన్నీ చూసుకుని గానీ రాడట. ఫోను చేస్తే భజన వస్తుంది గానీ మనిషి రాడు.

సౌండు సంగతి చూడమన్నావు, నాకు అర్థమైంది. రెండు గొట్టాలను లాగడానికి ఆ చిన్న డబ్బాకు బలం చాలదు. అందుకే ఒక ఆంప్లిఫయరు, డిక్కీలో పెట్టే పెద్ద స్పీకరు, వాటికి సరిపోయే ట్రాక్టరు బ్యాటరీ రేపు నల్గొండ బస్సుకు వేస్తున్నాను. అక్క ఎన్నికకు తమ్ముడు ఆ మాత్రం చేయకపోతే ఎట్లా?

నీ తమ్ముడు
ఎల్లేశం

నెమలికుంట
23 జనవరి 2019

తమ్ముడికి,

నేను తగ్గించే ఉపాయం అడిగితే నువ్వు పెంచే సామాను పంపావు. నిన్ను కన్నప్పుడు అమ్మ ఏం తిన్నదో.

మీ బావ మాత్రం "ఎవడు పంపిండో గానీ మంచిగ పంపిండు" అని నీ పేరు ఎత్తకుండా మురిసిపోయాడు. చౌటుప్పల్ దాకా వినపడుతుందని మా అత్త అంటోంది. పక్కన నిలబడి పిలిస్తే వినపడని మా అత్తకు ఊరి చివర కారు మాత్రం మాట మాటా వినపడుతోంది.

అసలు ముచ్చట వేరే ఉంది. ఆదివారం పొద్దున, ఎంతమందికి వండాలో అడుగుదామని అత్త చిన్న ఫోనుతో నా నంబరుకు నేనే చేశాను. అప్పుడు చావడి దగ్గర మోగుతున్న మీ బావ ఉపన్యాసంలో ఊరికి వంతెన కట్టిస్తానన్న ముక్క వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "వాగు లేని ఊరికి వంతెన ఏందయ్యా? బడిల ఆడపిల్లల బాత్రూంకు రెండేండ్ల సంది తలుపు లేదు. ఒక పిల్ల లోపలికి పోతే ముగ్గురు పిల్లలు చున్నీలు అడ్డం పట్టుకొని నిలబడుతున్నరు. ముందుగాల గది చెప్పు. ఇంతకూ ఎంతమందికి వండాలె?" అన్నాను. నా గొంతు వంటింటి కిటికీలో నుంచి నాకే తిరిగి వినపడింది. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

సాయంత్రం పదిహేను మంది ఆడవాళ్ళు ఇంటికొచ్చారు. "ఆ తలుపు ముచ్చట నిజమేనా అక్కా? పెట్టిస్తవా?" అని అడిగారు. ఈ ఊరికి వచ్చి ఇరవై ఆరేండ్లయింది. చేబదులు చక్కెర తప్ప నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు.

ఇప్పుడు రోజూ పది గంటలకు కారు చుట్టూ జనం పోగవుతున్నారు. కొందరు పీటలు తెచ్చుకుంటున్నారు. నేను ఫోను చేస్తాను, ఒక్కో రోజు ఒక్కో ముచ్చట చెప్తాను. రేషన్ దుకాణం ముచ్చట నాడు ఈలలు కూడా వేశారట. మీ బావ ఫోనును దిండు కింద పెట్టి చూశాడు, సీటు కింద పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా నీ డబ్బా ఎత్తుకుంటోంది, జత విడదీయబోతే తాళం నంబరు అడుగుతోంది. ఫోను ఇంట్లో పెట్టిపోదామంటే, అభ్యర్థి నంబరుకు ఫోను చేసిన ఓటరుకు జవాబు రాకపోతే ఓటు పోతుందని ఆయన భయం.

నిన్న ఆయన సంచి సర్దుతుంటే అడుగున కట్ట కనపడింది. "పి. లింగయ్య, సర్పంచ్, నెమలికుంట" అని అచ్చు వేయించిన కాగితాలు ఐదు వందలు, పక్కనే రబ్బరు స్టాంపు. నా పేరు ఏ మూలకూ లేదు. ఏడ్చాను. ఉల్లిగడ్డ కోస్తున్నానని అత్తకు చెప్పాను.

తమ్ముడూ, నాకు సర్పంచ్ కావాలని ఉంది. పేరుకు కాదు, నిజంగా కావాలని ఉంది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అనడానికి కూడా సిగ్గయింది. నన్ను ఏం చేయమంటావు?

అండాలు

ఎర్రగట్టు
25 జనవరి 2019

అక్కకు,

ఓపిక పట్టు. నేను పోస్టాఫీసు మనిషిని, ఎన్నికల్లో ఏ పక్షం తరఫునా మాట్లాడకూడదు. అయినా తమ్ముడిగా చెప్తున్నాను. పదవి ఎవరి పేరున ఉంటే ఏమిటి, ఇంట్లోనే కదా ఉండేది? సంతకం నువ్వు పెడతావు, ఎండలో తిరిగేది ఆయన. ఒక రకంగా నీకే సుఖం.

ఇంకొకటి. నా ఆంప్లిఫయరును బావ మెచ్చుకున్నాడని రాశావు. ఆ ముక్క మూడుసార్లు చదివాను. ఆయన మనసు మెత్తబడుతోంది. ఇప్పుడు నువ్వు గొడవ పెట్టుకుంటే నన్ను పిలిచేది ఇక ఉండదు. ఆ పది గంటల ఫోను మానెయ్యి. అవసరమైతే మహేష్ రాగానే నేనే వచ్చి డబ్బా ఊడదీయిస్తాను. బర్లకు ఏమవుతుందో చూద్దాం.

ఈ ఉత్తరం నవనీతకు చూపించలేదు.

నీ మంచి కోరే
ఎల్లేశం

నెమలికుంట
28 జనవరి 2019

ఎల్లేశం,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. గ్లాసెడు పాలు వెచ్చబడ్డాయి. ఆ మాత్రం పనికొచ్చింది.

పదవి ఇంట్లనే ఉంటది అన్నవు గదా. బియ్యం గూడ ఇంట్లనే ఉంటయి. ఉడికించేది నేను, ఊరికి అన్నం పెట్టిండన్న పేరు ఆయనది. నువ్వు అడుగుతవని గాదు, చెప్తున్న, విను.

ఈ రోజు సాయంత్రం ఐదుకు ప్రచారం బంద్. ఆఖరి గంటలో మీ బావ కారును పంచాయతీ ఆఫీసు ముందు ఆపి జనాన్నంతా పోగు చేశాడు. నేను వాకిట్లో నిలబడి అత్త ఫోనుతో నా నంబరుకు చేశాను. ఇట్లా అన్నాను:

"నేను అండాలును. కాగితంల ఉన్న కత్తెర గుర్తు నాది. గెలిస్తే సర్పంచ్‌ను నేనే. కుర్సీల నేనే కూసుంట. ఏ కాగితమైన చదివి సంతకం పెడత, చదవకుంట పెట్ట. మా ఆయన చెడ్డోడు గాదు. ఇంటికొస్తే అన్నం పెడత, పంచాయతీకొస్తే పని చెప్త. గిది ఇష్టం లేనోళ్ళు నాకు ఏయకుండ్రి, మైసమ్మకెయ్యుండ్రి. ఆమె గూడ మంచిదే, మా తమ్మునికి వాము పంపింది."

మీ బావ ఆపాలని డబ్బా మీట తిప్పాడట, అది పెరిగే వైపు తిరిగింది. తీగలు పీకుదామని కారు మీదికెక్కి గొట్టాన్ని కావలించుకున్నాడట. నా గొంతు ఆయన కడుపులో మోగుతుంటే అట్లాగే పట్టుకుని నిలబడ్డాడని పిల్లలు వచ్చి చెప్పారు. మాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఈల వేయలేదు. ఎవరి ఇంటికి వాళ్ళు పోయారు.

ఆయన నడుచుకుంటూ వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెట్టినా తినలేదు, తిట్టనూ లేదు. తిడితే బాగుండేది. నాకు భయంగా ఉంది. ఊరుకుని ఓడిపోతే ఆయన ఓడినట్టు ఉండేది. ఇప్పుడు నోరు తెరిచి ఓడిపోతే రేపటి నుంచి ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? నా మీద పోటీ చేసే మనిషికి ఓటెయ్యమని నేనే చెప్పాను. ఇంత తెలివితక్కువది ఎక్కడన్నా ఉంటుందా?

జవాబు రాయకు.

అండాలు

ఎర్రగట్టు
30 జనవరి 2019

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకంటే ముందు నవనీత చదివింది. చదివి, నా పళ్ళెంలో అన్నం తీసుకుపోయి బర్ల తొట్టిలో పోసింది. "మీ అక్క అడిగింది సలహా గాదు, తోడు. గంత గూడ సమజ్ కాలేదా నీకు?" అన్నది. పోస్టాఫీసులో ఆకలితో కూర్చుని ఆలోచించాను. నువ్వు ఒక్కసారికే పదో తరగతి గట్టెక్కావు. నేను రెండుసార్లు తప్పాను. ఈ ఉద్యోగానికి దరఖాస్తు రాసింది నువ్వు, కింద సంతకం మాత్రం నాది. ఇన్నేండ్లుగా పోస్టుమాస్టర్ అని చెప్పుకు తిరుగుతున్నాను గానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తప్పయింది అక్కా.

మహేష్ వచ్చాడు. ఒక మీటను ఐదు సెకన్లు ఒత్తి పట్టుకుని తాళం నంబరు కొడితే చాలట. నంబరు ఏమిటంటే నాలుగు సున్నాలు. తీసేయమంటావా? నువ్వు ఎట్లా చెప్తే అట్లా చేస్తాను. బర్ల సంగతి వదిలెయ్యి.

ఈ రోజు మీకు ఓట్లు. నవనీత పొద్దున్నే దీపం పెట్టింది. నేను ఒట్టు తీసి గట్టున పెట్టి నీ నంబరుకు రెండుసార్లు ఫోను చేయబోయాను. ఊరంతా వింటుందని ఆగాను.

ఎల్లేశం

నెమలికుంట
2 ఫిబ్రవరి 2019

తమ్ముడికి,

గెలిచాను. ఒక్క ఓటుతో. నాకు నాలుగు వందల పన్నెండు, మైసమ్మకు నాలుగు వందల పదకొండు. మూడుసార్లు లెక్కబెట్టారు. మూడోసారి నేను కళ్ళు మూసుకున్నాను.

బడిలో లెక్కింపు అయ్యాక ఆఫీసరు "గెలిచిన సర్పంచ్ ముందటికి రావాలె" అని పిలిచాడు. మీ బావ అలవాటుగా భుజం మీద తువ్వాల సర్దుకుని లేచాడు. రెండడుగులు వేసి, నిలబడి నా వైపు చూశాడు. ఆయనే వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నేను పోయి కాగితం మొత్తం చదివి సంతకం పెట్టాను. ఆఫీసరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అని నిదానంగా చదివాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అప్పటి నుంచి ఆ ఒక్క ఓటు ఎవరిదన్న దాని మీద ఊళ్ళో కొట్లాట. మా అత్త తనదే అంటోంది. ఆముదం ఇచ్చిన ముగ్గురూ ఎవరికి వాళ్ళు తమదే అంటున్నారు. రెండు రోజులు నోరు తెరవని మీ బావ నిన్న అన్నం ముందు కూర్చుని అన్న మొదటి మాట "ఆ ఒక్కటి నాదే" అని. అన్నాక రెండోసారి కూర వేయించుకున్నాడు. ఆయన అచ్చు వేయించుకున్న కాగితాలకు వెనక వైపు తెల్లగానే ఉంది. ఈ ఉత్తరం వాటి మీదే రాస్తున్నాను.

డబ్బా తీయొద్దు. జనం పది గంటలకు ఇంకా వస్తున్నారు, పైపులైను ముచ్చట మిగిలే ఉంది. నువ్వూ నవనీతా ఆదివారం భోజనానికి రండి. బావ పిలవాలని కూర్చోకు, పిలుస్తున్నది నేను. మటన్ తెప్పిస్తాను.

ఇంకొక్క మాట. ఇది ఏ ఫోనులోనూ చెప్పేది కాదు. నువ్వు చదివి, నవనీతకు చదివి వినిపించి, చింపి పొయ్యిలో వెయ్యి.

లెక్కింపు అయ్యాక మైసమ్మ వాళ్ళాయన బడి గేటు దగ్గర ఆమెను అందరి ముందూ తిడుతున్నాడు. ఆమె నీళ్ళు తాగే వంకతో కుళాయి దగ్గరికి వచ్చింది. నేను అక్కడే ముఖం కడుక్కుంటున్నాను. నా వైపు చూడకుండా, కుళాయి తిప్పుతూ, "అక్కా, నా ఓటు నీకే ఏసిన" అంది. నేను బిత్తరపోయి ఎందుకమ్మా అన్నాను.

"నేను గెలిస్తే మా ఆయన సర్పంచ్ అయితుండె. ఆయన గూడ స్టాంపు చేపిచ్చుకున్నడు. నువ్వు గెలిస్తే నువ్వే అయితవని కార్ల చెప్పినవు గదా. ఇద్దర్ల ఒక్కరమన్న కావాలె గదా అక్కా, గందుకే ఏసిన."

ఆమె ఓటు ఆమెకే వేసుకుని ఉంటే నేను ఓడిపోయేదాన్ని. లెక్క వేసి చూసుకో. ఆమె దోసెడు నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, వాళ్ళాయన తిడుతున్న చోటికి మళ్ళీ వెళ్ళి నిలబడింది.

అక్క
అండాలు